ముప్పదియేండ్ల విద్యార్థి

1905వ సంవత్సరము అక్టోబరు 13వ తేదీ, శుక్రవారము. పారిస్ నగరమున అవెన్యూ ద లా గ్రాండార్మే అను పెద్ద వీధిలోని తపాలాపెట్టెలో ఆల్బర్ట్ ష్వైట్జర్ కొన్ని ఉత్తరములు వేసెను. అవి ఆయన తల్లిదండ్రులకును, మిక్కిలి సన్నిహితులగు కొందరికిని వ్రాసినవి. రానున్న చలికాలపు చదువులతో తాను స్ట్రాస్‌బర్గు విశ్వవిద్యాలయమున వైద్యవిద్యార్థిగా చేరబోవుచున్నట్లును, చదువు ముగించుకొని భూమధ్యరేఖా ప్రాంతపు ఆఫ్రికాకు వైద్యుడై పోదలచినట్లును ఆయన వానిలో తెలియజేసెను. అందొక ఉత్తరము చేయుచున్న ఉద్యోగమునకు రాజీనామా. అప్పటికాయనకు ముప్పదియేండ్లు నిండి తొమ్మిది నెలలు.

ఆ నాటికి ష్వైట్జర్ అనామకుడు కాడు. కాంట్ తత్త్వవేత్త మతచింతనమును గూర్చి సిద్ధాంతవ్యాసము వ్రాసి 1899లో తత్త్వశాస్త్రమున డాక్టరు పట్టమును, మరుసటి యేడు మతశాస్త్రమున పట్టమును పొందినవాడు. 1902 నుండి స్ట్రాస్‌బర్గు విశ్వవిద్యాలయమున మతశాస్త్రోపన్యాసకుడు. 1903 నుండి అచ్చటి సెయింట్ థామస్ మతవిద్యాలయమునకు అధ్యక్షుడు. సెయింట్ నికొలస్ చర్చిలో ఆదివారముల ప్రబోధకుడు. ఆర్గన్ వాద్యమున పేరెన్నికగన్న విద్వాంసుడు. జర్మను సంగీతకర్త బాఖ్‌ను గూర్చి ఆయన ఫ్రెంచి భాషలో వ్రాసిన గ్రంథము ఆ 1905లోనే వెలువడెను. ఇంత గడించుకొన్న మనుష్యుడు దాని నంతను ప్రక్కకు నెట్టి, పద్దెనిమిదేండ్ల పిల్లల నడుమ బల్లపై కూర్చుండి ఎముకల పేర్లు వల్లించుటకు పూనుకొనుట ఎవరికిని మింగుడుపడలేదు. తమతో ముందుగా ఒక మాటయైన అనలేదని మిత్రులు నొచ్చుకొనిరి. ప్రేమలో భంగపడి యుండునని ఊహించినవారు సైతము కలరు. ఒక విదుషీమణి, ఆఫ్రికా ప్రజలకు మేలు చేయదలచినచో యూరపులోనే ఉపన్యాసములిచ్చి వైద్యసహాయమునకు ధనము కూడబెట్టుట ఎక్కువ ప్రయోజనకరమని తర్కించి నిరూపించెను. పారిస్‌లోని ఆర్గన్ గురువు విదోర్ గట్టిగనే మందలించెను. ఈ వాదములలో పసలేదని చెప్పుటకు వీలులేదు. లోకజ్ఞానమంతయు వారి పక్షముననే యుండెను.

కాని ఆ నిర్ణయము ఆ శుక్రవారమునాడు పుట్టినది కాదు. 1896లో, ఇరువదియొకటవ యేట, పెంతెకొస్తు సెలవులకు ఇంటికి పోయిన ష్వైట్జర్ ఒక వేకువను పక్షుల కూతలు వినుచు మేల్కొని, తన కింతటి సుఖమయమైన జీవితము ఊరక లభించుట న్యాయమా యని ఆలోచించెను. లేవకముందే మనసులో లెక్క తేల్చుకొనెను: ముప్పదియేండ్ల వరకు విద్యకును కళకును జీవించుట, అటుపిమ్మట సాటి మానవులకు ప్రత్యక్షముగా సేవ చేయుట. ఏ సేవ యన్నది అప్పుడు తెలియదు. దిక్కులేని పిల్లలను చేరదీసి పెంచవలెనని యత్నించెను, నిబంధనలు అడ్డువచ్చెను. దేశదిమ్మరులకును, చెరసాల వెడలివచ్చినవారికిని సాయపడ యత్నించెను. ఒంటరిగా సాగు పని కాదని తేలెను. 1904 శరత్తులో ఒకనాటి ఉదయము ఆయన బల్లమీద పారిస్ మిషనరీ సంఘమువారి ఆకుపచ్చ అట్ట పత్రిక పడియుండెను. ప్రక్కకు నెట్టబోవుచు తెరచిచూడగా, ఫ్రెంచి కాంగోలోని గాబోన్ మండలమున పనివారు చాలరని సంఘాధ్యక్షుడు వ్రాసిన వ్యాసము కనబడెను. చదివి ముగించి, తన వెదకులాట తీరినదని నిశ్చయించుకొని, మరల తన పనికి పూనుకొనెను.

మతప్రబోధకుడుగా పోరాదా? చదువంతయు అదియే గదా? ఆయనకు గల కారణము విచిత్రమైనది. బోధన వృత్తిలో నున్నవారు దీనిని సులభముగా గ్రహింపగలరు. ఏండ్ల తరబడి ఆయన తరగతిలోను, వేదికపైనను మాటలాడుటయే పనిగా పెట్టుకొనియుండెను. ప్రేమధర్మమును గూర్చి చెప్పినది చాలును, ఇక మాటాడక దానిని చేసి చూపవలెనని తలచెను. మాటలతో పనిలేని వృత్తి వైద్యమని ఆయనకు తోచెను.

వైద్యకళాశాల గడపనెక్కిన ఈ మనుష్యుని పూర్వవిద్యార్థి జీవితము ఎట్టిదో చూడవలసియున్నది. పట్టములు చూచి ఆయనను పుట్టు మేధావి యని భ్రమించువారు పెక్కుమంది. బడి పత్రములు వేరు కథ చెప్పును.

ష్వైట్జర్ 1875 జనవరి 14న అల్సాస్ సీమలోని కైసెర్స్‌బర్గ్ అను చిన్న పట్టణమున జన్మించెను. 1871 నుండి అది జర్మనీ ఏలుబడిలోనిది. తండ్రి పాస్టరు, కొడుకు పుట్టిన కొలది నెలలకే ఆయనకు గున్స్‌బాఖ్ గ్రామమునకు బదిలీయయ్యెను. ఆ పల్లెబడిలో ఆల్బర్టునకు చదువును, వ్రాతయు చప్పున పట్టుబడలేదు. సంగీతము మాత్రము పట్టుబడెను. తొమ్మిదవ యేటనే చర్చిలో ఆర్గన్ వాద్యకుని బదులు కూర్చుండి వాయించెను. 1885లో పదియేండ్ల వాడై ముల్‌హౌస్ పట్టణపు ఉన్నతపాఠశాలలో చేరెను. తండ్రి అస్వస్థుడు, బిడ్డలు పలువురు, రాబడి కొద్ది. పాస్టరు కుమారుడగుటచే జీతము లేక చదువుకొను అవకాశము దొరకినది. సంతానము లేని పినతాత లూయీ, ఆయన భార్య సోఫీ ఇంట బస. పినతాత ఆ పట్టణపు ప్రాథమిక పాఠశాలలకు పెద్ద. ఇల్లంతయు గడియారము ననుసరించి నడచుచుండెను.

ఆ యింట పత్రికలు చదువు అలవాటు పిల్లవానికి గాఢముగా పట్టుకొనెను. హత్యల వార్తలకొరకే వీడు పత్రిక పట్టుచున్నాడని సోఫీ పినమామ్మకు అనుమానము. రాజకీయముల కొరకని వీడనెను. పినతాత అక్కడికక్కడే బాల్కను రాజుల పేర్లు, ఫ్రెంచి మంత్రుల పేర్లు అడిగి పరీక్షించెను, అన్నియు చెప్పెను. నాటినుండి భోజనముల బల్లకడ ఆ ముదుసలి వీనితో లోకవ్యవహారములు సమానునితోవలె ముచ్చటించుచుండెను. ఇంట ఇంత తెలివిగల పిల్లవాడు బడిలో మాత్రము అడుగు వరుసవాడు. కలలు కనుచు కూర్చుండుట, పాఠములు పట్టించుకొనకుండుట. పని చేయుట యనగా ఎట్లో వానికి తెలియదు. క్రిస్మస్ సెలవులకు తెచ్చిన మార్కుల పట్టిక చూచి తల్లి ఆ సెలవు దినములన్నియు ఏడ్చి ఏడ్చి కండ్లు ఎఱ్ఱజేసికొనెను. హెడ్మాస్టరు తండ్రిని పిలిపించి, పిల్లవానిని బడి మాన్పించుట మేలేమోనని సూచించెను. ఉచితముగా చదువువాడు ఆ స్థానము నిలుపుకొనవలెను గదా.

ఆ దశలో తరగతికి క్రొత్త ఉపాధ్యాయుడు వచ్చెను. ఆయన పేరు డాక్టరు వేమాన్. తెలుగు చెవికి చుట్టపు పేరువలె వినబడును. ఆయన పిల్లవానిని చేరబిలిచి హితోపదేశము చేయలేదు, దండింపలేదు, ప్రత్యేకముగా పాఠములు చెప్పినట్లును లేదు. ప్రతి పాఠమును ఇంటియొద్ద చక్కగా సిద్ధపరచుకొని వచ్చుచుండెను. ఆ గంటలో ఎంత చెప్పదలచెనో అంతయు చెప్పి, గంట మ్రోగునప్పటికి ముగించుచుండెను. దిద్దిన వ్యాసపుస్తకములు ఏ దినమున, ఏ గంటకు తిరిగి యిచ్చెదనని చెప్పెనో ఆ దినమున, ఆ గంటకు ఇచ్చుచుండెను. ఇంతే. కొలది దినములలో కలల పిల్లవాడు దీనిని కనిపెట్టెను. ఇంత శ్రద్ధ వహించు మనుష్యుని కంటబడునప్పుడు తన అశ్రద్ధ వానికి సిగ్గు గొలిపెను. మూడు నెలలు తిరుగునప్పటికి వాడు తరగతిలో మంచి విద్యార్థులలో ఒకడయ్యెను.

తరువాతి కాలమున ష్వైట్జర్ ఈ ఉపాధ్యాయుని పలుమారు స్మరించెను. కర్తవ్యనిష్ఠయే గొప్ప విద్యాశిక్షణ మనియు, వేయి మందలింపుల వలన గాని పని దాని వలన నగుననియు ఆయన అభిప్రాయము. వేమాన్ బదిలీపై ఏ ఊరికి పోయినను పోయి చూచి వచ్చుచుండెను. వేమాన్ చరిత్రకెక్కిన వాడు కాడు. పాఠము సిద్ధపరచుకొని వచ్చుట యను సామాన్యమైన పనికి ఇంతకుమించిన సాక్ష్యము విద్యాచరిత్రలో అరుదు.

అయినను వాడు ఆనాటితో మొదటి మార్కుల వాడైపోయెనని తలపరాదు. భాషలు, గణితము వానికి చివరి వరకు బరువే. సహజముగా అబ్బని విషయమును పట్టుబట్టి లొంగదీయుటలో ఒక రుచి మాత్రము కలిగెను. చరిత్ర, ప్రకృతిశాస్త్రములు ప్రీతిపాత్రములయ్యెను. 1893 జూన్‌లో పాఠశాల తుది పరీక్ష జరిగెను. దానికి విద్యార్థులు నల్ల కోటు, నల్ల లాగు ధరించి రావలెనని నియమము. కోటు కలదు గాని లాగు లేదు. ఒక్కనాటికొరకు క్రొత్తది కుట్టించుట దండుగయని పినతాత లాగునే అడిగి తీసికొనెను. పినతాత పొట్టి, లావు. వీడు పొడవు, సన్నము. భుజములమీది పట్టీలకు దారములు కట్టి ఎంత దింపినను లాగు పాదముల కందలేదు, పైన నడుము వద్ద ఖాళీ. ఆ వేషము చూచి తోటివారు నవ్విరి, పరీక్షాధికారులును నవ్వాపుకొనలేకపోయిరి. స్ట్రాస్‌బర్గు నుండి వచ్చిన ముఖ్య పరీక్షాధికారి మాత్రము నవ్వలేదు. ఇది గంభీరసమయమును అవమానించు చేష్టయని తలచి, ఈ పిల్లవానిని గణితము తప్ప తక్కిన విషయములలో తానే స్వయముగా పరీక్షింప బూనెను. హోమరు కాలపు ఓడల నమరించు తీరు అడుగగా ఏమియు తోచలేదు. గడ్డుకాలమే వచ్చెను. చరిత్ర వంతు వచ్చునప్పటికి గాలి తిరిగెను. ఆ అధికారి స్వయముగా చారిత్రకుడు. గ్రీకుల వలసలకును, రోమనుల వలసలకును గల భేదమును గూర్చి ఇరువురును చాలసేపు ముచ్చటించిరి. ఫలితముగా, మిగిలినవన్నియు సామాన్యమైన ఆ యోగ్యతాపత్రములో చరిత్రకు మాత్రము ప్రత్యేకప్రశంస వచ్చెను. ఈ పత్రముతోనే ష్వైట్జర్ విశ్వవిద్యాలయము చేరెను. దీనిని బట్టి పండ్రెండేండ్ల తరువాత వీడు వైద్యవిద్యార్థి యగునని ఎవరును జోస్యము చెప్పియుండరు.

1905 అక్టోబరు నెలాఖరున, దట్టమైన పొగమంచు క్రమ్మిన దినమున, ఆయన శరీరనిర్మాణశాస్త్రమున మొదటి పాఠమునకు బయలుదేరెను. అంతకుముందు వైద్యశాఖ డీన్ ఫేలింగ్ వద్దకు పోయి తన్ను విద్యార్థిగా చేర్చుకొనుమని కోరియుండెను. ఆ పెద్దమనిషి ఈ దరఖాస్తు చూచి, దరఖాస్తుదారుని మనోవ్యాధుల ఆచార్యుని చేతికి అప్పగించుట యుక్తమని తలపోసెనట. అది పరిహాసమేయైనను చిక్కు పరిహాసము కాదు. విశ్వవిద్యాలయపు బోధకుడు ఆ విశ్వవిద్యాలయమునకే విద్యార్థిగా చేరుటకు చట్టము ఒప్పుకొనదు. ఊరక కూర్చుండి వినినచో పరీక్షకు అర్హత లేదు. తుదకు ప్రభుత్వము దయదలచి, ఆచార్యులు హాజరు పత్రములిచ్చినచో పరీక్షకు కూర్చుండవచ్చునని అనుజ్ఞ యిచ్చెను. సాటి బోధకుడగుటచే ఉపన్యాసములకు రుసుము తీసికొనరాదని ఆచార్యులు తీర్మానించిరి. నిబంధన కొక త్రోవ చూపిన ఆ కార్యాలయమును, రుసుము వదలుకొన్న ఆ పండితులును లేనిచో ఈ కథ ఇచ్చటనే ఆగియుండెడిది.

1906 వసంతమున విద్యాలయాధ్యక్షపదవి నుండి విరమించెను. దానితో ఉచిత గృహమును పోయెను. అల్సాస్ లూథరన్ చర్చికి అధ్యక్షుడగు కుర్టియస్ సంఘపు పెద్దభవనములో మిద్దెమీది నాలుగు చిన్న గదులు ఈయన కిచ్చెను. వాన కురియుచున్న ఒక దినమున విద్యార్థులు ఆయన పుస్తకములను, సామానును ఒక ద్వారమున మోసికొనిపోయి మరియొక ద్వారమున చేర్చిరి. అంతవరకు ఆ విద్యార్థులకు ఆయన గురువు. ఆ గదులలో ఆయనయు విద్యార్థి.

పాత పనులు విడిచినచో చదువు సుఖముగా సాగియుండెడిది. ఆయన విడువలేదు, విడువ వీలులేదు కూడ. జీతము పోయినది, పోషణము గడువవలెను. మతశాస్త్రోపన్యాసములు సాగించెను. దాదాపు ప్రతి ఆదివారమును ప్రబోధించెను. పారిస్‌లో క్రొత్తగా ఏర్పడిన బాఖ్ సంఘమునకు ఆర్గన్ వాయించుటకై చలికాలమున పలుమారు పోయివచ్చుచుండెను. బాఖ్ గ్రంథమును జర్మను భాషలో మరల మొదటినుండి, రెండింతల పరిమాణమున వ్రాసెను. అది 1908లో వెలువడెను. ఏసు జీవితమును గూర్చిన పరిశోధనల చరిత్రము 1906లో ప్రకటించెను. ఆ ఏండ్లను ఆయన అలసటతో ఎడతెగని పోరాటముగా భావించెను. పగలు ప్రయోగశాల, రాత్రి వ్రాతబల్ల. ఇది అనుకరణీయమని చెప్పజాలము. దేహము లోహము కాదు, ఆయనదియు కాదని 1908 నాటికి తేలెను.

ఈ చదువులో ఆయన కష్టమే చూడలేదు. మతతత్త్వశాస్త్రములలో ఒక వాదమును మరొక వాదము త్రోసిపుచ్చుచుండును; వాక్చాతుర్యము గలవాడు నిజమును మరుగుపరచి నెగ్గవచ్చును. ఇచ్చట అట్లు కాదు. రసాయనశాలలోని గాజుపాత్ర ఎవరి పాండిత్యమునకును తలవంచదు. రుజువైనది రుజువైనట్లే, కానిది కానట్లే. ఏండ్లుగా ఊహాలోకమున విహరించినవానికి కాళ్లక్రింద గట్టినేల తగిలినట్లయ్యెను. భౌతికశాస్త్రము చెప్పినవారిలో ఫెర్డినాండ్ బ్రౌన్ ఒకడు. 1909లో మార్కోనీతో కలిసి నోబెల్ బహుమానము పొందినవాడితడే. ఉన్నతపాఠశాలలో ఒకప్పుడు ప్రకృతిశాస్త్రములపై కలిగిన ప్రీతి ఇప్పుడు వడ్డీతో సహా తీరెను.

కాని ప్రీతి వేరు, పరీక్ష వేరు. ఇచ్చటనే ఈ పండితుడు పసిపిల్లవాడైపోయెను. నరములు, కండరములు, రక్తనాళములు వేలకొలది పేర్లు. ముప్పదియేండ్లు దాటిన జ్ఞాపకశక్తి పద్దెనిమిదేండ్ల దానివలె వానిని పట్టుకొనదు. పైగా శాస్త్రమును శాస్త్రముకొరకే చదువవలెను గాని పరీక్షకొరకు బట్టీయము వేయరాదని ఆయన గర్వించుచుండెను. ఇట్టి గర్వము మార్కులు తగ్గిన బుద్ధిమంతులలో తరచుగా కనబడును. తోటి విద్యార్థులు, అనగా ఆయన కంటె పదిపండ్రెండేండ్లు చిన్నవారు, ఇట్లయిన నెగ్గజాలవని చెప్పి చూచిరి. తుది వారములలో ఆయన మెత్తబడి, వారు ఏర్పరచుకొన్న బట్టీ సంఘములో సభ్యుడయ్యెను. ఏ ఆచార్యుడు ఏ ప్రశ్నలు అడుగుట వాడుక, ఏ జవాబు వినగోరును అను జాబితాలు ఆ కుఱ్ఱవాండ్రవద్ద నుండెను. తత్త్వశాస్త్రమునకు డాక్టరు, విశ్వవిద్యాలయమునకు బోధకుడు, చర్చికి ప్రబోధకుడు నగు మనుష్యుడు వారితో కలిసి ప్రశ్నోత్తరములు వల్లె వేసెను. 1908 మే 13న, వాన కురియుచుండగా, శరీరనిర్మాణము, శరీరధర్మము, ప్రకృతిశాస్త్రములలో పరీక్ష జరిగెను. అప్పుడాయన దేహము జీవితములో నెన్నడు నెరుగనంత నీరసించియుండెను. అయినను అనుకొన్నదాని కంటె మెరుగుగా ఉత్తీర్ణుడయ్యెను.

పరీక్షకు చదువుట నీచమని తలచుట ఒక దోషము, పరీక్షకొరకే చదువుట మరియొక దోషము. ఈ రెంటి నడుమ ష్వైట్జర్‌కు త్రోవ చూపినవారు ఆచార్యులు కారు, మొదటి సంవత్సరములలో తనతో శవములు కోసిన కుఱ్ఱవాండ్రు. మేధావుల జీవితచరిత్రలలో ఇట్టి ఉపకారుల పేర్లు నిలువవు.

తరువాతి ఏండ్లు రోగుల మధ్య నడచెను. అవి కొంత తేలికగ నుండెను. చూచి నేర్చుకొను విద్యకు జ్ఞాపకశక్తి ఒక్కటే ఆధారము కాదు. ఔషధశాస్త్రము ఆయన నెక్కువగా ఆకర్షించెను. తుది పరీక్షకు కట్టవలసిన రుసుము చేత లేదు. మ్యూనిక్‌లో ఫ్రెంచి సంగీతోత్సవము జరుగగా, తన నిర్ణయమును ఒకప్పుడు మందలించిన విదోర్ క్రొత్తగా రచించిన సంగీతకృతిలో ఆర్గన్ భాగమును వాయించి, ఆ పారితోషికముతో రుసుము చెల్లించెను. గురువు కాదనిన చదువునకు గురువుగారి కృతియే కట్నమిచ్చినట్లయ్యెను. అక్టోబరులో మొదలైన ఆ పరీక్షలు డిసెంబరు 17న శస్త్రచికిత్సాచార్యుడు మాడెలుంగ్ పరీక్షతో ముగిసెను. ఆసుపత్రి వెలుపలికి వచ్చునప్పటికి చలికాలపు చీకటి పడియుండెను. ఆ భయంకరమైన శ్రమ వెనుకబడినదన్నమాట ఆయనకు వెంటనే నమ్మశక్యము కాలేదు. ప్రక్కన నడచుచున్న ఆచార్యుడు, ఇంతపనిని నెగ్గించినది ఆయన దేహదార్ఢ్యమేనని మెచ్చుకొనుచుండెను.

మిగిలిన మెట్లు చప్పున చెప్పదగినవి. ఆసుపత్రిలో ఒక ఏడు అనుభవశిక్షణ. 1912 వసంతమున పారిస్‌లో ఉష్ణమండల వ్యాధుల చదువు. అదే యేడు జూన్ 18న హెలెన్ బ్రెస్లౌతో వివాహము. స్ట్రాస్‌బర్గు చరిత్రాచార్యుని కుమార్తెయగు ఆమె ఈ యాత్రకొరకే నర్సు విద్య నేర్చియుండెను. వైద్యమున డాక్టరు పట్టమునకు వ్రాసిన వ్యాసము ఏసు మానసికస్థితిని గూర్చినది. ఆయనను మతిచలించినవానిగా చిత్రించిన కొందరు వైద్యుల వాదములను అందు పరీక్షించి త్రోసిపుచ్చెను. అది 1913లో ముగిసెను.

ఇంత కష్టపడి వైద్యుడై వచ్చినవానిని మిషనరీ సంఘము చేతులు చాచి స్వాగతింపలేదు. ఆయన మతాభిప్రాయములు శాస్త్రసమ్మతమైన మతమునకు విరుద్ధములని సంఘములో పలువురికి భయము. ఆయన సభ ముందు నిలిచి విచారణకు లోనగుట కంగీకరింపక, సభ్యుల నొక్కొక్కరిని ఇండ్లకు పోయి కలిసెను. తాను వైద్యుడుగనే పోవుచున్నాననియు, మతవిషయములలో నోరు మెదపననియు మాటయిచ్చెను. మాటాడని పనిని కోరిన వానికి ఆ నిబంధన బరువైనది కాదు. ఖర్చులన్నియు తానే భరింతుననెను. బాఖ్ గ్రంథపు ఆదాయము, కచేరీల రాబడి, స్ట్రాస్‌బర్గు ఆచార్యులిచ్చిన చందాలు, తన చర్చివారి విరాళములు చేరెను. జర్మను పట్టము గలవాడు ఫ్రెంచి వలసలో వైద్యము చేయుటకు పారిస్‌లోని వలసల మంత్రిశాఖ అనుమతి కావలసివచ్చెను; అదియు లభించెను. డెబ్బది పెట్టెల సామాను కట్టి, 1913 మార్చి 21న, గుడ్‌ఫ్రైడేనాడు, దంపతులు గున్స్‌బాఖ్ విడిచిరి. ఏప్రిల్ నడుమ ఒగోవే నదీతీరమందలి లాంబరేనే చేరిరి.

మొదటి వైద్యశాల పాతబడిన కోళ్లగూడు. గోడలకు సున్నము కొట్టి, బీరువాలు నిలిపి, మడతమంచము వేసిరి. వంటవానిగా పనిచేసిన జోసెఫ్ అను స్థానికుడు దుబాసీయు, తొలి సహాయకుడు నయ్యెను. అతడు రోగుల నొప్పులను మాంసపు దుకాణపు భాషలో తర్జుమా చేయుచుండెను. ఒకనికి కుడి తొడమాంసము, మరియొకతెకు పైవరుస ప్రక్కటెముకల ముక్క. స్ట్రాస్‌బర్గులో బట్టీయము వేసిన లాటిను పేర్లన్నియు ఇట్లు వంటింటి మాటలై తిరిగివచ్చెను. మొదటి తొమ్మిది నెలలలో సుమారు 2000 మంది రోగులు వచ్చిరి: మలేరియా, నిద్రవ్యాధి, కుష్ఠు, చీడపుండ్లు, వరిబీజములు. వరిబీజము బిగిసి ప్రేగు చిక్కుకొన్నవాడు అంతకుమున్ను రోజులకొలది నేలమీద పొరలి చనిపోవలసినదే. శస్త్రచికిత్స చేయువాడు వందలమైళ్లలో లేకుండెను.

1914లో యుద్ధము వచ్చెను. జర్మను పౌరులగుటచే ఫ్రెంచివారు దంపతులను నిర్బంధమున నుంచిరి. 1917లో ఫ్రాన్సుకు తరలించి శిబిరములలో నుంచిరి. 1918లో విడుదలయై స్ట్రాస్‌బర్గు వచ్చిన ష్వైట్జర్ చూడబోయిన వారిలో డాక్టరు వేమాన్ ముఖ్యుడు. యుద్ధకాలపు ఆకలిచే ఆ ఉపాధ్యాయునికి నరముల జబ్బు తగిలి, ఆయన తన ప్రాణము తానే తీసికొనెనని అప్పుడు తెలియవచ్చెను.

1924లో ష్వైట్జర్ మరల లాంబరేనేకు పోయి, పాడుపడిన ఆసుపత్రిని నిలిపి, 1927లో విశాలమైన క్రొత్తచోటికి మార్చెను. భారతీయుల తత్త్వచింతనమును గూర్చి ఆయన 1935లో ప్రకటించిన గ్రంథము మనదేశమున వివాదము రేపెను. మన చింతనము లోకమును నిరాకరించునదను ఆయన సిద్ధాంతమును సర్వేపల్లి రాధాకృష్ణన్ 1939 నాటి తన గ్రంథమున ఎదుర్కొనెను. 1952 సంవత్సరపు నోబెల్ శాంతి బహుమానము ఆయనకు వచ్చినది. ఆ ధనము కుష్ఠురోగుల గ్రామమునకు వినియోగమయ్యెను. ప్రశంసలతోపాటు విమర్శలును పెరిగెను. ఆఫ్రికావారిని తమ్ములుగా చూచినాడు గాని సమానులుగా చూడలేదనియు, వారిలోనుండి వైద్యులను తయారుచేయలేదనియు, ఆసుపత్రిని పాతపద్ధతిలోనే ఉంచినాడనియు పలువురనిరి. ఈ విమర్శ తోసివేయదగినది కాదు. తన కొక బోధకుడు చేసిన ఉపకారమును అంతగా ఎరిగినవాడు ఆ గడ్డమీది పిల్లలకు వైద్యవిద్యాద్వారము తెరచు పనికి ఎందులకు పూనుకొనలేదో ఆయన జీవితమున సమాధానము దొరకని ప్రశ్న. 1960లో గాబోన్ స్వతంత్రమైనప్పుడును ఆయన అచ్చటనే యుండెను.

హెలెన్ 1957లో గతించెను. ష్వైట్జర్ 1965 సెప్టెంబరు 4న, తొంబదియవ యేట, లాంబరేనేలోనే కన్నుమూసెను. ఒగోవే ఒడ్డున, ఆమె చితాభస్మము నుంచిన చోటనే ఆయనను ఖననము చేసిరి. ఆ సమాధి మీది శిలువ ఆయన స్వహస్తములతో చేసినది.